పెట్టె ఒప్పుకోని సంబంధం

నమోదు 212

పంపు గది, కొత్త రాజోలు. మంచు కరుగుతోంది, నీళ్ళు ఎక్కుతున్నాయి, పంపు మామూలుగానే మూలుగుతోంది. ఇంతటితో వీరవేణి అనే నా డ్యూటీ రాత అయిపోయింది. కింద "ఇతర విశేషాలు" అని బోలెడు జాగా వదిలారు కాబట్టి, కడుపులో ఉన్నదంతా ఇందులో కక్కేస్తాను. పంపు లాగ్ చదివే ఓపిక అంగారకుడి మీద ఎవరికీ లేదు.

ఇవాళ సాయంత్రం క్యాంటీన్లో 'వరద గోదారి' పందెం. కొత్త పలాస వాళ్ళ పడవ మా వెనక ఎక్కడో నీళ్ళు తాగుతోంది. లంక మలుపు తిరిగితే రేవే. చుక్కాని దగ్గర కనకరాజు, ముందు వరసలో నేను, అటూ ఇటూ మావాళ్ళంతా తెడ్ల పిడులు పట్టుకుని చెమటలు కక్కుతున్నారు. క్యాంటీన్ నడిపే బుల్లెమ్మ పిన్ని గరిటతో సహా బల్లెక్కి "లాగండ్రా! లాగవే వేణీ! పొద్దున తిన్న ఉప్మా ఏవైందే!" అని అరుస్తోంది. సరిగ్గా అప్పుడు గోదారి ఆగిపోయింది. తెడ్లు గాల్లో, నీటి తుంపర్లు గాల్లో, తెర నడిమధ్య ఓ తెల్ల చదరం.

"ఈ ఆట కుటుంబ లైసెన్సు పైన నడుచుచున్నది. మీరందరూ ఒకే కుటుంబమని నిరూపించవలెను."

అన్నది మిత్ర. మిత్ర అంటే క్యాంటీన్ గోడకి తగిలించిన పెట్టె. ఆట తయారుచేసిన కేళీవిలాస్ కంపెనీ వాళ్ళదే. ఆట నడిపేదీ అదే, జీతాలు వేసేదీ అదే, ఎవరు పుట్టారో ఎవరికి పెళ్ళయిందో రాసుకునేదీ అదే. అన్నీ కలిపి తీసుకుంటే చవకని మా ఊరి పెద్ద తమ్మిరాజు బాబాయి ఒకే కట్టగా కొన్నాడు. కొన్నాడని నేనంటున్నాను గానీ కొనలేదట. ఇవాళే తెలిసింది.

"మీకు ఆట అమ్మలేదు. ఆడుకొనుటకు అనుమతి మాత్రమే ఇవ్వబడినది" అంది పెట్టె.

"మరి నేను 'కొనండి' అన్న మీట నొక్కేను కదండీ?" అన్నాడు బాబాయి. ఆయన పెట్టెకి కూడా అండీ తగిలిస్తాడు.

"ఆ మీట పేరు మాత్రమే 'కొనండి'."

పిన్నికి ఒళ్ళు మండింది. గరిట పెట్టె మీదకి తిప్పి, "నీ అనుమతి తగలెయ్యా! రేపట్నించి నేనూ అన్నం పెట్టను. తినుటకు అనుమతి మాత్రమే ఇస్తాను. నవలడానికి వేరే, మింగడానికి వేరే!" అంది. అంత ఏడుపులోనూ అందరం పడీ పడీ నవ్వాం. ఈలోగా కొత్త పలాస వాళ్ళు ఆగి ఉన్న మా పడవ పక్కనుంచి చేతులూపుకుంటూ వెళ్ళి గెలిచేశారు.

నమోదు 213

పంపుకి పొద్దున్నే అప్‌డేట్ కావాలట. అడగడం కాదు, చెప్పాపెట్టకుండా ఆగిపోయి మొదలెట్టేసింది. నోట్లో పళ్ళపొడి నురగలతో ఊరు ఊరంతా నా గది ముందు నిలబడి, ఆ నురగల్లోంచే నన్ను తిట్టింది. పంపుని నేనేదో కన్నట్టు. అప్‌డేట్ అయ్యాక చూస్తే మీటలన్నీ చోట్లు మారాయి, పని మాత్రం ఒక్క పిసరు మారలేదు.

తమ్మిరాజు బాబాయి భూమికి ఫిర్యాదు పంపాడు. అక్కణ్ణుంచి జవాబు వచ్చేసరికి కాఫీ చల్లారిపోతుంది. "మీ సమస్య మాకెంతో ముఖ్యం. పెట్టెను ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి" అని వచ్చింది. ఆపాం. దీపాలు కూడా పెట్టె చేతిలోనే ఉన్నాయన్న సంగతి ఆ చీకట్లో గుర్తొచ్చింది. తడుముకుంటూ మళ్ళీ పెట్టాక, రెండో జవాబు: "పెట్టెను మీకు దగ్గరలో ఉన్న మా సేవా కేంద్రానికి తీసుకొని రండి." మాకు దగ్గరలో ఉన్న సేవా కేంద్రం భూమ్మీద ఉంది.

నవ్వుతున్నాను గానీ ఉక్రోషంగానూ ఉంది. కిటికీలోంచి చూస్తే బయట ఎర్రదుమ్ము తప్ప ఏమీ ఉండదు. కోనసీమ నుంచి వచ్చినవాళ్ళకి కళ్ళు మూసుకుంటే కాలవలు కనిపిస్తాయి, ఇక్కడే పుట్టినవాళ్ళకి అదీ లేదు. వాళ్ళకి నది అంటే క్యాంటీన్ తెరే. సాయంత్రం ఆ తెర మీద నీళ్ళు కదిలితేనే అందరికీ అన్నం సయిస్తుంది. అది ఆపేసి నిరూపించుకోమంటే ఎవడికైనా మండదూ?

మూడో జవాబులో అసలు సంగతి తేలింది. పెట్టె కొన్నాళ్ళపాటు మా మాటలు వింటుందట. ఎవరు ఎవరిని ఎలా పిలుచుకుంటున్నారో చూసి కుటుంబం అవునో కాదో అదే తేలుస్తుందట.

నమోదు 216

పంపు బాగుంది.

ఊరంతా దొంగ చుట్టరికాలు బట్టీ పట్టాలని మొదట తెగ హడావిడి పడ్డాం. బాబాయి మీటింగు పెట్టి, "అందరూ చుట్టాల్లాగ మాట్లాడాలి మరి" అన్నాడు. 

"ఇప్పుడెలా మాట్లాడుతున్నాం మరిదిగారూ?" అంది పిన్ని.

అప్పుడు వెలిగింది. ఈ ఊళ్ళో ఎవరూ ఎవరికీ ఏమీ కారు. ఒకరిది ముమ్మిడివరం, ఒకరిది తుని, ఒకరిది ఎక్కడో తెలీదు. అయినా నాకు బుల్లెమ్మ పిన్ని, తమ్మిరాజు బాబాయి. దుమ్ము ఊడ్చే బండి తోలేవాడు అన్నయ్య, ఆస్పత్రిలో ఉండేది అక్క, ఆవిడ మొగుడు బావగారు. దిగిన రోజే వావి కలిపెయ్యకపోతే మాకు మంచినీళ్ళు అడగడానికి కూడా నోరు రాదు. పెట్టె వినదలుచుకుంటే చెవులు చిల్లులు పడేలా వింటుందని తేలిపోయింది.

అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు, ఇద్దరం తప్ప.

రెండో మనిషి కనకరాజు. ఎవరూ చదవని లాగ్ కాబట్టి రాస్తున్నాను, మేమిద్దరం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. అతను పైపులు బిగించే పని మీద వచ్చి పంపు గదిలో అడుగుపెట్టిన రోజున, కొత్త మనిషి కదాని "అన్నయ్యా, ఆ రెంచీ ఇలా అందివ్వండి" అన్నాను. రెంచీ అందించాడు. ఆ తర్వాత ఏ రోజున ఏమైందో చెప్పలేను. చుక్కాని పట్టుకుని తను, ముందు వరసలో నేను, ఏ మలుపులో ఎటు లాగాలో మాటల్లేకుండానే తెలిసిపోవడం మొదలైంది. విషయం బయటపడకూడదని అందరి ముందూ ఇంకాస్త ఒత్తి "అన్నయ్యా" అంటాను. అతను ఇంకాస్త రాగం తీసి "ఏం చెల్లెమ్మా" అంటాడు. పెట్టె వింటోందని ఈమధ్య మరీ జాగ్రత్తగా అనుకుంటున్నాం. అది విందంటే ఊరంతా విన్నట్టే.

నమోదు 221

పెట్టె తీర్పు చెప్పింది. "పరిశీలన పూర్తయినది. మీది కేళీవిలాస్ చరిత్రలోకెల్లా మిక్కిలి పెద్ద కుటుంబము. అభినందనలు."

క్యాంటీన్ ఎగిరిపోయింది. పిన్ని బొబ్బట్లు చేసింది, బాబాయి బల్లమీద దరువేశాడు. గోదారి మళ్ళీ కదిలింది. కుటుంబానికి కానుకగా కంపెనీ మా పడవకి రంగుల జెండా ఇచ్చింది, దాన్ని ఎగరేయడానికి కర్ర విడిగా అమ్ముతారట. కొనలేదు. జెండాని కనకరాజు చుక్కానికి చుట్టబెట్టాడు. ఇవాళ నా అంత సంతోషంగా ఎవరూ లేరు.

నమోదు 230

పంపు సంగతి తర్వాత.

కనకరాజుకి బదిలీ. వచ్చే ఓడ మీద కొత్త చీరాల వెళ్ళిపోవాలట, అక్కడ పైపులు పగిలాయట. కొత్త చీరాల అంటే మనిషి వెళ్ళిరాగలిగే దూరం కాదు. ఒక్కటే దారి ఉంది. ఈ ఊళ్ళో పనిచేసేవాళ్ళ భర్త గానీ భార్య గానీ అయితే బదిలీ రద్దు.

ఇంక దాచేదేముందని ఇద్దరం క్యాంటీన్లో అందరి ముందూ నిలబడ్డాం. "పిన్నీ, మేం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం" అన్నాను.

పిన్ని పప్పు తిప్పడం ఆపకుండానే, "ఇప్పటికి చెప్పేవా? మీ పెళ్ళికని జీడిపప్పు దాస్తే పురుగు పట్టింది" అంది. ఒక్కరంటే ఒక్కరు ఆశ్చర్యపోలేదు. అందరికీ ఎప్పుడో తెలుసట. మేం అన్నయ్యా, చెల్లెమ్మా అని రాగాలు తీస్తుంటే వీళ్ళు వంటగదిలోకెళ్ళి నవ్వుకునేవాళ్ళట. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అక్కడే, అప్పుడే పెట్టె ముందు నిలబడ్డాం. బాబాయి పెద్దరికంగా గొంతు సవరించుకుని, "వీరవేణికీ కనకరాజుకీ పెళ్ళండి. రాసుకోండి" అన్నాడు.

"వీలుపడదు" అంది పెట్టె. "వీరిరువురూ తోబుట్టువులు."

పిన్ని గరిట కిందపడేసి నవ్వింది చూడండి, ఆ నవ్వు అందరికీ అంటుకుంది. ఆస్పత్రి అక్క నేల మీద కూలబడిపోయింది. ఆఖరికి కనకరాజు కూడా నవ్వాడు. నవ్వనిది నేనూ, పెట్టే.

"తోబుట్టువులేమిటి నీ మొహం! అదేదో పిలుపు!" అన్నాను.

"ఈ కుటుంబములో అత్యంత స్పష్టమైన, అనుమానమునకు తావులేని బంధము మీదే" అంది పెట్టె. "రోజుకు అనేక పర్యాయములు, మిక్కిలి ప్రేమతో పిలుచుకొనుచున్నారు."

నమోదు 231

పంపు నడుస్తోంది, నాకు మాత్రం తిండి సయించడం లేదు.

పెట్టె చెప్పింది ఇదీ. బంధం సవరించాలంటే కుటుంబం రద్దు చేయాలి. కుటుంబం రద్దయితే లైసెన్సు రద్దు. లైసెన్సు రద్దయితే ఆట పోతుంది, దాంతోపాటు మా పడవ, గెలిచిన పందేలు, పిల్లలు లంక మీద నాటుకున్న కొబ్బరి మొక్కలు, అన్నీ పోతాయి. అవి మనం నాటినవే కదా అంటే, "నాటుటకు అనుమతి మాత్రమే" అంది. కొత్తగా లైసెన్సు ఇమ్మంటే, ఈ ఆట అమ్మడం మానేశారట. కొత్త ఆటలో గోదారి లేదు, రోడ్డు ఉంది.

రాత్రి భోజనాల దగ్గర మీటింగు. ఆట పోతే పోయింది, పెళ్ళే ముఖ్యం అన్నారు అందరూ. అన్నారు గానీ ఆ మొహాలు చూడాలి. బండి అన్నయ్య అయితే కళ్ళు తుడుచుకుంటూ, "మనకి గోదారి ఎందుకమ్మా, రాయా రప్పా చాలవా?" అన్నాడు. ఇంకెవరో వెనకనుంచి, "రద్దేదో ఈ పందేల సీజన్ అయ్యాక చేస్తే..." అని నసిగారు.

నాకు తిక్కరేగింది. "ఓడ సీజన్ చూసుకుని వస్తుందా? ఊరి నదిని ముంచేసి పెళ్ళి చేసుకుందని రేపు పిల్లలు నన్ను తిట్టుకోరూ? అలా అని ఇతన్ని పంపించెయ్యనా? నా వల్ల కాదు. రెండూ కావాలి నాకు!" అని అరిచేశాను. అరిచి ఏడ్చేశాను కూడా. పిన్ని వచ్చి నా నోట్లో పెరుగన్నం ముద్ద పెట్టింది.

నమోదు 235

తమ్మిరాజు బాబాయి ఒప్పందం చదివాడు! "అంగీకరిస్తున్నాను" అని కళ్ళు మూసుకుని నొక్కేసిన ఆ ఒప్పందాన్ని, మొదటి నుంచి చివరి దాకా, అన్నాలు కూడా గదికే తెప్పించుకుని చదివాడు. ఇలాంటి పని చేసిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. బయటికొచ్చేసరికి గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి, మాట కూడా మారిపోయింది. "వదినగారైన సదరు బుల్లెమ్మగారు మంచినీరు ఒసంగవలెను" అన్నాడు. కుదుటపడటానికి ఓ పూట పట్టింది.

కానీ దొరికింది. కుటుంబం కోరితే పెట్టె మరొక్కసారి వినాలి. రద్దు అక్కర్లేదు, పిలుపులు మారితే బంధాలూ మారతాయి. ఓడ వెళ్ళేలోపు పెట్టె కొత్తగా వినేటట్టు బాబాయి దరఖాస్తు కూడా పెట్టేశాడు.

"అయితే ఇంకేం?" అంది పిన్ని చేతులు కడుక్కుంటూ. "వేణికి నేను పిన్నిని. కనకరాజుకి మేనత్తనైపోతాను. మరిదిగారు వేణికి బాబాయి, వాడికి మేనమామ. వేణికి అన్నలూ అక్కలూ అయినోళ్ళందరూ వాడికి బావలూ వదినలూ. అప్పుడు వీళ్ళిద్దరూ బావా మరదళ్ళేగా! పెట్టె తాత కూడా కాదనలేడు." నాకు కాగితం మీద వేసుకుంటే గానీ అర్థం కాలేదు. ఆవిడ ఒక్క గుక్కలో ఊరంతటికీ వావి తిప్పేసింది.

నమోదు 238

పంపు బాగుంది. నేనూ బాగున్నాను. కనకరాజు పరిస్థితే బాగాలేదు.

బావ అంటే ఊరికే పిలుపు కాదు కదా, ఏడిపించడానికి అందరికీ హక్కు వచ్చేసింది. మొన్నటిదాకా "తమ్ముడూ, భోంచేసేవా" అన్న బండి అన్నయ్య ఇవాళ అతని బూట్లలో ఎర్రదుమ్ము పోసి, "ఏం బావా, బరువుగా ఉన్నాయా?" అన్నాడు. ఆస్పత్రి అక్క వదిన హోదాలో అతని కాఫీలో ఉప్పు కలిపింది. బాబాయి మావయ్య హోదాలో, "అల్లుడూ, ఆ మీసం నిజంగా మొలిచిందేనా, విడిగా కొన్నావా?" అని అడిగాడు. పెట్టె ఒక్కో మాటకీ టింగుమని మోగుతుంది. "బావ సంబంధము నమోదగుచున్నది" అంటుంది. అది మోగినప్పుడల్లా క్యాంటీన్లో చప్పట్లు.

"ఇంతమంది బావమరుదులు భూమ్మీద రాజుగారిక్కూడా ఉండరేమో. వీళ్ళకంటే కొత్త చీరాలే నయం" అని గునిశాడు కనకరాజు. మనిషి సిగ్గుతో కందగడ్డ అయిపోయాడు గానీ లోపల మురిసిపోతున్నాడు, నాకు తెలుసు.

అందరి నోళ్ళూ తిరిగాయి. నాకొక్కదానికే తిరగలేదు.

నమోదు 240

కొంప మునిగింది.

నిన్న పొద్దున్నుంచీ నోట్లో "బావా, బావా" అని వల్లెవేసుకుంటూనే ఉన్నాను. సాయంత్రం పందెంలో సుడిగుండం వచ్చింది. పడవ ఒక పక్కకి ఒరిగింది. నా నోట్లోంచి ఏమొచ్చిందో నేను రాయక్కర్లేదు. ఊరంతా వినేలా, రాగం తీసి మరీ వచ్చింది.

"తోబుట్టువుల బంధము బలపడినది" అంది పెట్టె.

పిన్ని తల పట్టుకుంది. "ఓసి నీ నోరు పడా! ఇంక నువ్వు మాట్లాడకే తల్లీ. ఆ ఓడ పోయేదాకా మౌనవ్రతం పట్టు." సరేనని ఇవాళ రోజంతా నోరు కుట్టేసుకున్నాను. కనకరాజు ఎదురైతే తల తిప్పుకుని వెళ్ళిపోయాను. భోజనాలప్పుడు పెట్టె మళ్ళీ టింగుమంది.

"వీరవేణి, కనకరాజు: మాటలు లేని తోబుట్టువులు. బహుశా ఆస్తి తగాదా."

నమోదు 242

ఓడ దిగింది. సామాన్లు దించుకుంటున్నారు. రేపు పొద్దున బయల్దేరుతుంది. పెట్టె వినేది ఇంక ఈ ఒక్క సాయంత్రమే, కొత్త పలాసతో సీజన్ ఆఖరి పందెం కూడా ఇవాళే. పంపు దగ్గర కూర్చున్నాను గానీ ముల్లు ఎటు తిరుగుతోందో కనబడటం లేదు. నాకు భయంగా ఉంది. అతను వెళ్ళిపోతే ఈ గదిలో ఇంక ఎవరిని రెంచీ అడగను?

నమోదు 243

అక్షరాలు వంకరగా ఉంటే క్షమించాలి, రాయకుండా ఉండలేను.

పందేనికి ముందు కనకరాజుని పిలవడానికి అతని గదికి వెళ్ళాను. మంచం మీద సర్దిన సంచి. మాట్లాడకుండా క్యాంటీన్‌కి వచ్చి నా పిడి పట్టుకున్నాను. అతనూ వచ్చి చుక్కాని పట్టుకున్నాడు. ఈల పడింది, పడవ కదిలింది. రెండు తెడ్లు వేశానో లేదో నాకు ఆగలేదు.

"సంచి ఎందుకు సర్దేరు?"

"ముందుజాగ్రత్త" అన్నాడు.

"ముందుజాగ్రత్తా? అంటే వెళ్ళిపోడానికి సిద్ధమే అన్నమాట!"

"పెట్టె కాదంటే ఏం చెయ్యమంటావ్? చొక్కాలు వదిలేసి పొమ్మంటావా?"

"ఆ చొక్కాలేంటి, అలా కుక్కేరు? మడతపెట్టడం కూడా రాదు, ఒంటరిగా కొత్త చీరాల పోయి ఉద్ధరిస్తారంట! ఏవండీ, ఎడమకి! ఎడమకి తిప్పండి! కళ్ళు కనపడ్డం లేదా?"

"ఎడమకే తిప్పేను! నువ్వే కుడివైపు లాగుతున్నావ్!"

"నేనా? అన్నీ నా మీదకే తోసెయ్యండి. పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా? తినలేదు. మొహం చూస్తే తెలీడంలా!"

"నువ్వు మాట్లాడకపోతే ఎలా తింటాను?"

గొంతు ఎండిపోయి అతను దగ్గాడు. నేను తిట్టడం ఆపకుండానే ఒక చేత్తో మంచినీళ్ళ సీసా వెనక్కి చాపాను. అతను గొణుక్కుంటూనే తీసుకుని తాగి, మూత సరిగ్గా పెట్టకుండా నా చేతికిచ్చాడు. మూత గురించి ఇంకో విడత అయింది. పెట్టె ఉందనీ, ఊరు ఉందనీ, పందెం అనీ, ఇద్దరికీ ఏదీ గుర్తులేదు. ఉన్నట్టుండి చూస్తే క్యాంటీన్ అంతా మావైపే చూస్తోంది. పిన్ని రెండు చేతులతోనూ నోరు మూసుకుని ఉంది.

టింగు.

"పరిశీలన పూర్తయినది" అంది పెట్టె. "చొక్కా మడతను గూర్చి తగవులాడుచు, తగవు ఆపకుండా మంచినీరు అందించుట తోబుట్టువుల లక్షణము కాదు. బావామరదళ్ళ లక్షణమూ కాదు. వీరిరువురూ దంపతులు. నమోదు చేయబడినది. బదిలీ రద్దు."

క్యాంటీన్ పైకప్పు లేచిపోయిందనుకున్నాను. బండి అన్నయ్య పళ్ళెం మోగించాడు, ఎవరో నన్ను ఎత్తేశారు, కనకరాజు చుక్కాని పట్టుకునే ఏడుస్తున్నాడు. సరిగ్గా ఆ ఏడుపులో, ఆట నడిచినంతసేపూ వెచ్చగా ఉండే నా పిడి చల్లబడింది. అతని చుక్కాని కూడా.

"నూతన దంపతులు వేరు కుటుంబము" అంది పెట్టె. "కుటుంబ లైసెన్సు వేరు కుటుంబమునకు వర్తించదు. వీరవేణి ఇకపై ఈ కుటుంబ సభ్యురాలు కాదు. ధన్యవాదములు."

తెర మీద చుక్కాని మనిషి లేడు. ముందు వరసలో నేను లేను. పడవ గిరగిరా తిరుగుతోంది, జనం కేకలు పెడుతున్నారు. నాకు మాత్రం ఆ ఒక్క మాటే చెవిలో ఉండిపోయింది. కోరినవాడు దక్కాడు, ఎగిరి గంతెయ్యాల్సింది పోయి, ఎవరో మెడపట్టి గుమ్మం బయటికి నెట్టినట్టయింది.

"ఆగు!" అని బల్లెక్కింది పిన్ని. "వేరు కాపురం ఎవడు పెడతన్నాడు? ఇల్లరికం! ఆ కుర్రాడు ఇల్లరికం వచ్చేడు! ఇల్లరికం అల్లుడు ఇంట్లో మనిషేగా?"

పెట్టె టింగుమంది. "ఇల్లరికమునకు వరుడు అంగీకరించవలెను."

అందరూ కనకరాజు వైపు తిరిగారు. వాళ్ళింట్లో ఇల్లరికం మాటెత్తితే వాళ్ళ నాన్న కంచం విసిరికొడతాడట, అది అప్పుడే చెప్పాడు. చెప్పి, కళ్ళు తుడుచుకుని, "విసిరినా ఇక్కడిదాకా రాదులెండి. నాకు ఇష్టమే. ఏ ఇల్లయినా ఇష్టమే" అన్నాడు.

"వధువు పుట్టిల్లు ఏది?" అంది పెట్టె.

నాకు పుట్టిల్లు లేదు. అమ్మా నాన్నా ఎవరో నాకు తెలీదు, హాస్టల్లో పెరిగాను. అర్జీ పెట్టుకుని ఇంత దూరం వచ్చిందే అక్కడ నాకోసం ఎదురుచూసేవాళ్ళు లేక. ఆ మాట పెట్టెకి ఎలా చెప్పాలో తెలీక పిడి వైపు చూస్తూ నిలబడ్డాను.

"రాసుకోండి" అన్నాడు తమ్మిరాజు బాబాయి. ఎప్పుడు లేచాడో, పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. "పిల్ల తండ్రిని నేనండి."

అదే క్షణంలో బల్ల మీదనుంచి పిన్ని, "తల్లిని నేను" అంది.

"మీరిరువురూ దంపతులు కారు" అంది పెట్టె.

"ఛీ ఛీ! ఆయన నా మొగుడని నేనెప్పుడన్నాను? నోర్ముయ్!" అంది పిన్ని. బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు బండి అన్నయ్య, "మా ఇల్లే దాని పుట్టిల్లు, మాది రాయండి" అన్నాడు. "మాది కాదేంటి?" అంది ఆస్పత్రి అక్క. తర్వాత ఎవరు ఏమన్నారో నాకు తెలీదు, అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. ఆఖరికి పందెం రేడియోలోంచి కొత్త పలాస వాళ్ళు కూడా, "ఏటి గోల? ఆ పిల్లదా? మా ఊరి తరఫున ఓ మేనమామని రాసుకోండ్రా బాబూ!" అన్నారు.

"ఇట్టి సందర్భమునకు నియమము లేదు" అంది పెట్టె. "భూమిని అడుగవలెను. అంతవరకు ఆట నిలిపివేయడమైనది."

రెండు పడవలూ ఆగాయి. మేమూ ఆగాం. పిన్ని కాఫీలు పోసింది, ఎవరూ తాగలేదు. అవి చల్లారిపోయాయి. కనకరాజు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఇంతసేపటిలో ఎవరూ నన్ను ఒక్క మాట అడగలేదు, ఓదార్చలేదు. అందరూ పెట్టె వైపే గుడ్లురిమి చూస్తున్నారు.

టింగు.

"అభ్యర్థన అంగీకరించబడినది. వధువు తల్లిదండ్రులు: అందరూ. వీరవేణి, కనకరాజు: కుటుంబ సభ్యులు. ఆట కొనసాగును."

పిడి వెచ్చబడింది. గోదారి ఒక్కసారిగా కదిలింది. చుక్కాని పట్టుకునేవాడు నా పక్కనే ఉన్నాడు, ముందు వరసలో ఎవరూ లేరు. పడవ నేరుగా వెళ్ళి లంకకి గుద్దుకుని, జెండాతో సహా నిట్టనిలువునా మునిగిపోయింది. క్యాంటీన్ అంతా "అయ్యో!" అంది. తర్వాత అందరూ నవ్వడం మొదలెట్టారు.

నేను మాత్రం భోరుమని ఏడ్చాను. ఎంత ఆపుకున్నా ఆగలేదు. కనకరాజు కంగారుపడిపోయి నా వీపు నిమురుతూ, "పోనీలే వేణీ, పడవదేముంది? వచ్చే సీజన్లో గెలుద్దాంలే" అన్నాడు.

పడవ గురించి కాదని చెబుదామనుకున్నాను. కానీ సరేనని తలూపి, అందరి మధ్యా కూర్చుని ఇంకాసేపు ఏడ్చాను.